వేట నిషేధం తర్వాత ఔట్‌బోర్డ్ ఇంజను స్లోలో నిలబడట్లేదు, కార్బురేటర్ రెండుసార్లు విప్పినా అంతే

రేవు కుర్రాడు (భీమిలి) – జూన్ 17, రాత్రి 8:10

అందరికీ నమస్కారం. మాది భీమిలి దగ్గర చిన్న రేవు. ఫైబర్ బోటు, వెనక 15 హార్స్ పవర్ టూ స్ట్రోక్ పెట్రోలు ఇంజను. రెండు సిలిండర్లు, పెట్రోలుని గాలితో కలిపి ఇచ్చే కార్బురేటర్ ఒకటే. ఏప్రిల్ 15న సముద్రంలో చేపల వేట నిషేధం మొదలవగానే ఇంజను దించి వసారాలో స్టాండుకి తగిలించాం. 61 రోజులూ దాని జోలికి పోలేదు.

మొన్న 15న తెల్లవారుజామున బోటు దించాం. చోక్ లాగితే మూడో తాడుకి స్టార్ట్ అయింది. చోక్ లోపలికి నెట్టగానే గుడగుడమని వణికి ఆగిపోయింది. యాక్సిలరేటర్ కొంచెం పెంచి పట్టుకుంటే ఉంటోంది. ఫుల్ స్పీడులో ఏ తేడా లేదు, ఎప్పటిలాగే లాగుతోంది. స్పీడు తగ్గిస్తే చాలు, ఒక పక్క నుంచి మిస్సింగ్ కొడుతుంది. గేరు వేస్తే చచ్చిపోతుంది.

దగ్గర్లో ఒక మెకానిక్‌కి చూపించాం. కార్బురేటర్ విప్పి కడిగారు. అలాగే ఉంటే మళ్ళీ తీసుకెళ్ళాం, మళ్ళీ కడిగారు. 1800 అయింది. ఏ మార్పూ లేదు.

నాకు టెన్షన్ ఎక్కడంటే, మా రేవులో జెట్టీ లేదు, కెరటాల్లోంచే ఒడ్డుకి రావాలి. కెరటం విరిగే ముందు స్పీడు తగ్గించి, దాని వీపు మీద ఎక్కి రావాలి. నిన్న సరిగ్గా ఆ చోట ఇంజను ఆగిపోయింది. బోటు అడ్డం తిరిగింది. నాన్న తెడ్డు వేసి తిప్పారు కాబట్టి సరిపోయింది. తమ్ముడు కూడా బోటులోనే ఉన్నాడు. తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

---

కోరంగి బోటు – జూన్ 17, రాత్రి 8:52

తమ్ముడూ, ముందు రెండు ప్లగ్గులూ మార్చి చూడు. మా బోట్లకి సగం రోగాలు ప్లగ్గులతోనే పోతాయి. తర్వాత కార్బురేటర్ మీది ఎయిర్ స్క్రూ అర మలుపు తిప్పు. స్లో స్క్రూ కూడా కొంచెం బిగించి ఐడ్లింగ్ (స్లో స్పీడు) పెంచేస్తే ఆగదు.

---

గిలకలదిండి మెకానిక్ – జూన్ 17, రాత్రి 9:35

బాబూ, ఈ పూటకి స్క్రూలు ఏవీ ముట్టుకోకు. స్లో స్క్రూ బిగించి ఐడ్లింగ్ పెంచితే రోగం దాక్కుంటుంది, పోదు. పైగా పెరిగిన స్పీడులో గేరు వేస్తే ప్రతిసారీ టక్కున కొట్టుకుని గేరు పళ్ళు, గేరుని పట్టుకునే డాగ్ క్లచ్ అరుగుతాయి.

నేను ముప్పై ఏళ్ళుగా ఇవే ఇంజన్లు చూస్తున్నాను. కార్బురేటర్ విప్పే ముందు రోగం ఏ వైపుందో ఇంజన్నే అడగాలి. మూడు పరీక్షలు చెబుతాను, చేసి రాయి. ఇంజను నీళ్ళలో ఉన్నప్పుడే చెయ్యాలి. నీళ్ళు లేకుండా నడిపితే కింద పంపులో రబ్బరు ఇంపెల్లర్ కొద్ది క్షణాల్లోనే మాడిపోతుంది.

మొదటిది, చోక్. ఇంజను వేడెక్కాక స్లోలో వణికేటప్పుడు చోక్ సగం లాగు. నున్నగా నడిస్తే దానికి పెట్రోలు తక్కువ అందుతోంది, లేదా ఎక్కడో జాయింటు సందులోంచి దొంగగాలి పీలుస్తోంది. ఇంకా పాడై, పొగ పెరిగి ఆగిపోతే పెట్రోలే ఎక్కువవుతోంది. కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు మీద తేలే ఫ్లోట్, దాంతో పెట్రోలు దారి మూసే నీడిల్ చూసుకోవాలి.

రెండోది, పెట్రోలు పైపులో ఉండే రబ్బరు బల్బు. ఇంజను ఆగిపోబోతున్నప్పుడు దాన్ని గట్టిగా పిసుకు. ప్రాణం లేచి వస్తే కార్బురేటర్ తప్పు కాదు. పెట్రోలు పంపులోని పొర (డయాఫ్రమ్) పోయి ఉంటుంది, పైపు జాయింటు గాలి తాగుతుంటుంది, లేదంటే ట్యాంకు మూత మీది గాలి రంధ్రం తెరవలేదు.

మూడోది, ఏ సిలిండర్ పనిచేస్తోందో చూడటం. నడిచే ఇంజను మీద చేత్తో ప్లగ్ క్యాప్ లాగకు, షాక్ గట్టిగా కొడుతుంది. క్యాప్ గాల్లో వదిలేస్తే స్పార్కు పుట్టించే సి.డి.ఐ. యూనిట్టూ కాలిపోవచ్చు. ఇంజను ఆపు. ఒక క్యాప్ తీసి పాత ప్లగ్గుకి తగిలించు. ఆ ప్లగ్గు ఒంటిని ఇంజను బ్లాకుకి ఆనేలా వైరుతో కట్టు. అప్పుడు స్టార్ట్ చేసి చూడు. తర్వాత రెండోదానికీ అంతే. ఏది తీసినా ఒకేలా నీరసపడితే రెండు సిలిండర్లూ బాగానే ఉన్నట్టు. ఒకటి తీసినా తేడా లేకపోతే అప్పటికే అది చచ్చి ఉంది.

---

టెక్సాస్ తెలుగోడు – జూన్ 18, ఉదయం 7:05

మాది ఒంగోలు, ఉండేది డల్లాస్ దగ్గర. వారాంతాల్లో చెరువుల్లో చేపలు పడతాను, 9.9 హార్స్ పవర్ ఇంజను ఉంది. గిలకలదిండి మామయ్య గారి పరీక్షలు చేయండి. నేను ఒక్క ప్రశ్న అడుగుతాను. ఆ 61 రోజులు ట్యాంకులో, కార్బురేటర్లో పెట్రోలు అలాగే ఉందా?

ఇప్పుడు మన బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్. ఇది గాలిలోని తేమని లాక్కుంటుంది. సముద్రం పక్కన, వేసవిలో, సగం ఖాళీ ట్యాంకులో రెండు నెలలుంటే ఇక చెప్పక్కర్లేదు. కొంత దాకా నీళ్ళు అందులోనే కలిసి ఉంటాయి. హద్దు దాటితే ఇథనాల్, నీళ్ళు కలిసి విడిపోయి ట్యాంకు అడుక్కి దిగిపోతాయి. ట్యాంకులో పైపు పీల్చేది అడుగు నుంచే. టూ స్ట్రోక్‌కి ఇది మరీ ప్రమాదం, ఎందుకంటే మీరు కలిపిన ఆయిల్ పైనున్న పెట్రోలుతోనే ఉండిపోతుంది. అడుగునున్న నీళ్ళ పొరలో ఆయిల్ ఉండదు. అది తాగితే పిస్టన్‌కి జిడ్డే అందదు.

తెల్లటి గాజు సీసాలో, పచ్చడి సీసా అయినా సరే, ట్యాంకు అడుగు నుంచి పెట్రోలు తీసి రాత్రంతా కదపకుండా పెట్టండి. పొద్దున్నే వెలుతురుకి ఎత్తి చూడండి.

ఇక్కడ కూడా మామూలు పంపుల్లో 10 శాతం ఇథనాలే. పడవలవాళ్ళం ఇథనాల్ లేని పెట్రోలు అమ్మే బంకు వెతుక్కుని వెళతాం. మన దగ్గర అది దొరకటం కష్టం కాబట్టి నిల్వ పెట్టకపోవటమే దారి.

---

రేవు కుర్రాడు (భీమిలి) – జూన్ 19, ఉదయం 6:30

మామయ్య గారూ, నిన్న సాయంత్రం మూడూ చేశాను. సగం చోక్ లాగితే ఇంజను నున్నగా నడిచింది, నెట్టేస్తే మళ్ళీ వణుకు. బల్బు పిసికితే ఏ మార్పూ లేదు. ట్యాంకు గాలి రంధ్రం తెరిచే ఉంది. ప్లగ్గు పరీక్షలో ఏది తీసినా ఒకేలా నీరసపడింది.

టెక్సాస్ అన్నయ్యా, మీరు చెప్పిన సీసా ఇప్పుడు నా చేతిలో ఉంది. ట్యాంకులో పాత పెట్రోలు ఏడెనిమిది లీటర్లు ఉండిపోయింది, దాని మీదే కొత్తది పోశాం. సీసా అడుగున వేలెడు మందాన మబ్బు మబ్బుగా ఒక పొర, పైన నీలంగా పెట్రోలు. మధ్యలో గీత గీసినట్టు కనబడుతోంది. నాన్నకి చూపించాను. చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయారు.

ట్యాంకు మొత్తం ఒంపేసి, కడిగి ఎండబెడుతున్నాను. కొత్త పెట్రోలుకి ఆయిల్ ఎంత కలపాలి? మేము ఒక గ్లాసు లెక్కన పోస్తున్నాం.

---

గిలకలదిండి మెకానిక్ – జూన్ 19, ఉదయం 9:15

గ్లాసు లెక్క వద్దు. రన్నింగ్-ఇన్ (కొత్తలో మెల్లగా నడిపే రోజులు) అయిపోయిన ఇంజన్లకి ఎక్కువగా 50కి 1, అంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు, పది లీటర్లకి 200. మీ ఇంజను పుస్తకంలో వేరే ఉంటే అదే పాటించు. డబ్బా మీద టి.సి.డబ్ల్యూ.3 అని ఉండే ఔట్‌బోర్డ్ ఆయిలే వాడు. బైకు ఆయిల్ వేరే వేడికి చేసినది, దీనికి పొయ్యకు.

ఒంపిన పెట్రోలు ఇసుకలో పొయ్యకు బాబూ, దగ్గర్లో బీడీ కాల్చేవాళ్ళు ఉంటారు. మూత ఉన్న డబ్బాలో పోసి పక్కన పెట్టు.

పరీక్షలు చక్కగా చేశావు. స్పార్కు బాగుంది, పంపు బాగుంది. రోగం కార్బురేటర్ స్లో దారిలో, అంటే స్లోలో పెట్రోలు వచ్చే సన్న దారిలో ఉంది, లేదా దొంగగాలి. ఈ రెండే మిగిలాయి.

---

కోరంగి బోటు – జూన్ 19, ఉదయం 10:40

చోక్‌తో బాగుంటే మిశ్రమం పలచగా ఉన్నట్టే కదా పెద్దాయనా. అదే నేను చెప్పింది, ఎయిర్ స్క్రూ బిగిస్తే గాలి తగ్గి సరిపోతుంది.

---

గిలకలదిండి మెకానిక్ – జూన్ 19, ఉదయం 11:20

ఎయిర్ స్క్రూ అని అందరం అంటాం గానీ అన్నిటిలో అది గాలిని ఆపేది కాదు. గాలి లోపలికి వచ్చే నోటి వైపు ఉంటే అది గాలి స్క్రూ, బిగిస్తే పెట్రోలు పాలు పెరుగుతుంది. ఇంజను వైపు, యాక్సిలరేటర్‌తో తెరుచుకునే రేకు (బటర్‌ఫ్లై) తర్వాత ఉంటే మిశ్రమం స్క్రూ. దాన్ని బిగిస్తే పెట్రోలు తగ్గుతుంది. ఈ కుర్రాడి దానికి ఇంజను వైపు ఉంటే, నువ్వు చెప్పినట్టు చేస్తే ఇంకా పలచబడుతుంది. చూడకుండా ఎవరికీ చెప్పకూడదు.

ఇంకొక మాట. నిషేధానికి ముందు రోజు దాకా అదే స్క్రూ అదే చోట ఉండి బాగా నడిచింది. స్క్రూ దానంతట అది తిరగలేదు. మారింది ఇంకేదో.

---

వలదారం (నిజాంపట్నం) – జూన్ 19, మధ్యాహ్నం 3:05

మా ఇంట్లో బోటు సామాను, ఇంజను స్పేర్లు అమ్ముతాం. నాన్నగారి తర్వాత కౌంటర్ నేనే చూస్తున్నాను. తమ్ముడూ, మెకానిక్ కడిగేటప్పుడు నువ్వు పక్కనే ఉన్నావా? స్లోలో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం ముక్కని, స్లో జెట్‌ని, దేనితో పొడిచారు? కార్బురేటర్ రిపేరు కిట్ ఏమన్నా మార్చారా?

---

రేవు కుర్రాడు (భీమిలి) – జూన్ 19, సాయంత్రం 5:50

ఉన్నాను అక్కా. స్టీలు తీగతో జెట్టులో పొడిచారు, తర్వాత పెట్రోలులో ముంచి నోటితో ఊదారు. కిట్ మార్చలేదు. ఇంజనుకి ఆనే చోట ప్యాకింగ్ చిరిగిపోతే అట్ట కత్తిరించి వేశారు.

---

వలదారం (నిజాంపట్నం) – జూన్ 19, సాయంత్రం 6:25

స్టీలు తీగ పెట్టకూడదు తమ్ముడూ. జెట్టు ఇత్తడిది, మెత్తన. ఆ రంధ్రం చాలా సన్నం. తీగ ఒక్క గీత గీసినా కొలత మారిపోతుంది. జెట్టు మీద చిన్న నంబరు కొట్టి ఉంటుంది, భూతద్దంతో చూసి అదే నంబరుది కొత్తది వేయించు. 'దాదాపు ఇదే' అని పక్క నంబరు అంటగడితే తీసుకోకు. మా దగ్గరికి అలా వచ్చి వెనక్కి వెళ్ళినవాళ్ళు చాలామంది. ప్యాకింగ్ కూడా ఆ మోడల్‌దే కొను, అట్ట వద్దు. పెట్రోలు తగిలితే అట్ట మెత్తబడి కుంగుతుంది.

---

గిలకలదిండి మెకానిక్ – జూన్ 19, రాత్రి 9:40

అమ్మాయి సరిగ్గా చెప్పింది. ఆ అట్ట సంగతి మళ్ళీ మాట్లాడదాం. ముందు స్లో దారి శుభ్రం చేసే పద్ధతి వివరంగా రాస్తాను. చాలామంది జెట్టు కడిగి అయిపోయిందనుకుంటారు. అసలు దారి జెట్టు దాటాక ఉంది.

ఇంజను ఆపి, కిల్ స్విచ్ తాడు (ఊడితే ఇంజను ఆగిపోయే తాడు) తీసి, పెట్రోలు పైపు ఊడదియ్యి. విప్పే ముందు ఫోన్లో నాలుగు వైపులా ఫొటోలు తీసుకో, లింకు రాడ్డులు ఏ రంధ్రంలో ఉన్నాయో మర్చిపోతావు. కింద తెల్లటి గుడ్డ పరిచి, దాని మీద విప్పు.

కింది గిన్నె తియ్యగానే అడుగు చూడు. ఆకుపచ్చటి జిగురు ఉంటే పెట్రోలు ఎండిపోయిందని, తెల్లటి పొడి ఉంటే నీళ్ళు నిలిచి అల్యూమినియం తిన్నదని అర్థం. ఫ్లోట్ పిన్ను మెల్లగా తోసి, ఫ్లోట్, నీడిల్ తీసి పక్కన పెట్టు. నీడిల్ కొన మీద రింగు పడి ఉంటే మార్చాలి.

మిశ్రమం స్క్రూ తీసే ముందు, మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని మలుపులకి ఆనిందో లెక్కపెట్టి రాసుకో. ఆనగానే ఆపు. బిగిస్తే కొన నొక్కుకుపోయి గాడి పడుతుంది. ఆ తర్వాత ఎంత తిప్పినా కుదరదు.

అసలు సంగతి ఇక్కడ. కార్బురేటర్ గొంతులో బటర్‌ఫ్లై అంచు ఆనే చోట సూది మొన గుచ్చినట్టు రెండు మూడు చిన్న రంధ్రాలు వరసగా ఉంటాయి. బటర్‌ఫ్లై మూసి ఉన్నప్పుడు ఇంజనుకి పెట్రోలు మిశ్రమం అందేది వీటి నుంచీ, స్క్రూ దగ్గరి రంధ్రం నుంచీ. గేరు వేసి కొంచెం తెరిచేటప్పుడు ఈ వరస రంధ్రాలే ఒకదాని తర్వాత ఒకటి పనిలోకి వస్తాయి. నోటితో ఊదితే ఇవి తెరుచుకోవు. కార్బ్ క్లీనర్ స్ప్రేకి ఉండే సన్న గొట్టాన్ని స్లో జెట్టు కూర్చునే రంధ్రంలో పెట్టి, స్క్రూ రంధ్రాన్ని వేలితో మూసి కొట్టు. గొంతులో ప్రతి రంధ్రం నుంచీ సన్నటి ధార రావాలి. ఏది రాకపోతే అది మూసుకుపోయింది. దాంట్లో క్లీనర్ నింపి రాత్రంతా నానబెట్టి, పొద్దున్న కంప్రెసర్ గాలి కొట్టు. పొడవాలంటే వలదారపు నైలాన్ పోగు చాలు. కళ్ళకి అద్దాలు పెట్టుకో, ఎటు నుంచి చిమ్ముతుందో తెలియదు. రబ్బరు వస్తువులు, ఫ్లోట్ క్లీనర్లో ముంచకు.

కూర్చేటప్పుడు కార్బురేటర్ తిరగేసి పెట్రోలు వచ్చే గొట్టంలో ఊదు. గాలి పోకూడదు, పోకపోతే నీడిల్ సరిగ్గా మూసినట్టు. మామూలుగా పట్టుకుంటే గాలి పోవాలి.

---

రేవు కుర్రాడు (భీమిలి) – జూన్ 22, సాయంత్రం 7:30

నిన్నా ఇవాళా ఇదే పని. రాస్తాను.

గిన్నె అడుగున తెల్ల పొడి ఉంది, వేలితో రాస్తే సుద్దలా అంటుకుంది. రెండుసార్లు కడిగారన్నా మూలల్లో అలాగే ఉంది. వరస రంధ్రాలు మూడు. తమ్ముడు టార్చి పట్టుకున్నాడు, నేను స్ప్రే కొట్టాను. మొదటిదాని నుంచి ధార వచ్చింది, రెండోదాని నుంచి చుక్కలు పడ్డాయి, మూడోదాని నుంచి ఏమీ రాలేదు. రాత్రంతా నానబెట్టాను. పొద్దున్న టైర్ల షాపులో గాలి కొట్టించి, నైలాన్ పోగు పెట్టి మళ్ళీ స్ప్రే కొడితే మూడు ధారలూ ఒకేసారి వచ్చి ఎదురుగా గోడకి కొట్టాయి. తమ్ముడు 'వచ్చింది వచ్చింది' అని అరిచాడు, ఇంట్లోవాళ్ళందరూ బయటికి వచ్చేశారు.

స్లో జెట్టు వైజాగ్‌లో అదే నంబరుది దొరికింది. స్క్రూ ఒకటిన్నర మలుపులు తెరిచి ఉంది, అంతే పెట్టాను. కొత్త ప్యాకింగ్ దొరకలేదు, రేపు ఇస్తామన్నారు. పాత అట్టే వేశాను.

ఇప్పుడు చోక్ లేకుండా స్లోలో నడుస్తోంది. కానీ ఒకే స్పీడు లేదు, పైకీ కిందకీ ఊగుతోంది. గేరు వేస్తే మూడుసార్లకి ఒకసారి ఆగిపోతోంది. సగం దూరం వచ్చాం.

---

సాగర్ లాంచీ – జూన్ 22, రాత్రి 9:00

నాగార్జునసాగర్ దగ్గర ఉంటాను. ఈ చర్చ మొదటి నుంచీ చదివాను. ఊగటం అంటే దొంగగాలే అనిపిస్తోంది. కార్బురేటర్ ఇంజను నోటికి (మ్యానిఫోల్డ్‌కి) ఆనే చదును అంచు, అదే ఫ్లాంజి, చూసుకో. దాన్ని పట్టుకునేవి రెండే నట్లు. కింద మెత్తటి అట్ట వేసి గట్టిగా బిగిస్తే రెండు చెవులూ ఇంజను వైపు వంగి, మధ్యలో సందు పడుతుంది. స్లోలో బటర్‌ఫ్లై మూసి ఉంటుంది కాబట్టి లోపల పీల్పు ఎక్కువ, ఆ సందులోంచి గాలి దూరుతుంది. ఫుల్ స్పీడులో అంత గాలి మధ్య ఈ కాస్త లెక్కలోకి రాదు. నీ ఇంజను చెబుతున్నది అదే.

స్ప్రేలు కొట్టి పరీక్షించమని కొందరు చెబుతారు. వేడి ఇంజను మీద మంట అంటుకునే స్ప్రే వద్దు. మందంగా గ్రీజు తీసి ఆ జాయింటు చుట్టూ పుయ్యి. ఊగటం తగ్గితే అదే చోటు.

---

రేవు కుర్రాడు (భీమిలి) – జూన్ 23, ఉదయం 7:20

అన్నయ్యా, గ్రీజు పూశాను. పై వైపు పూయగానే శబ్దం మారిపోయింది! ఊగటం ఆగి ఒకే తీరుగా నడిచింది. రెండు నిమిషాలకి గ్రీజు లోపలికి పీల్చుకుపోయి మళ్ళీ మొదలైంది. గ్రీజు మీద గాలి దూరిన చోట చిన్న గుంట కూడా కనబడింది.

---

సాగర్ లాంచీ – జూన్ 23, ఉదయం 8:05

దొరికింది. కార్బురేటర్ విప్పి, జెట్లు, ఫ్లోట్ అన్నీ తీసెయ్యి. చదునైన మందపాటి అద్దం ముక్క మీద ఫ్లాంజి పెట్టి వెనక టార్చి వెయ్యి. వెలుతురు కనబడితే అద్దం మీద 400 నంబరు వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) పరిచి, నీళ్ళు చల్లి, 8 అంకె ఆకారంలో మెల్లగా తిప్పుతూ రుద్దు. నొక్కకు. చేతి బరువే చాలు. మధ్యమధ్యలో తీసి చూడు, మెరిసినచోట మాత్రమే అరుగుతున్నట్టు. మొత్తం ఒకే రంగు వచ్చేదాకా రుద్ది, ఆ తర్వాత ఒక్క రేణువు కూడా మిగలకుండా కడగాలి. ఆ పొడి ఇంజన్లోకి పోతే సిలిండర్ గీరుకుపోతుంది.

---

గిలకలదిండి మెకానిక్ – జూన్ 23, ఉదయం 8:40

అట్ట అన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది, సాగర్ తమ్ముడు తేల్చేశాడు. నట్లు బిగించేటప్పుడు ఒకటి పూర్తిగా బిగించి రెండోదానికి పోకు. ఇటు కొంచెం అటు కొంచెం. స్ప్రింగ్ వాషర్ చదునయ్యాక ఇంకొక చిన్న మలుపు, అంతే. మన చేతి బలం చూపించే చోటు కాదది.

---

రేవు కుర్రాడు (భీమిలి) – జూన్ 24, రాత్రి 8:45

అద్దం మీద పెడితే మధ్యలో పోస్టుకార్డు దూరేంత సందు. టార్చి వెలుతురు నెలవంకలా కనబడింది.

రుద్దటం మొదలుపెట్టిన పది నిమిషాలకి రెండు చెవులే మెరిశాయి, మధ్యంతా నల్లగానే ఉంది. నాన్న వచ్చి పక్కన కూర్చున్నారు. వలలు అల్లే చేతులు కదా, నాకంటే నిదానంగా రుద్దారు. గంటకి పైగా పట్టింది. నలుపు అంచుల నుంచి తగ్గుతూ తగ్గుతూ, చివరికి పై వైపు గోరంత మచ్చ మిగిలింది, అదీ పోయింది. మళ్ళీ టార్చి వేస్తే వెలుతురు లేదు.

కొత్త ప్యాకింగ్ వచ్చింది. రెండు నట్లూ మామయ్య గారు చెప్పినట్టే బిగించాను. ఇంటి దగ్గర నీళ్ళ డ్రమ్ములో పెట్టి స్టార్ట్ చేస్తే మొదట ఎంతో బాగుంది. ఐదు నిమిషాలయ్యాక మళ్ళీ కొంచెం వణుకుతోంది. భయంగా ఉంది, ఇంకేమన్నా మిగిలిందా?

---

కోరంగి బోటు – జూన్ 24, రాత్రి 9:10

తమ్ముడూ, ఇది నాకు తెలుసు. డ్రమ్ము చిన్నదైతే వదిలిన పొగ అక్కడే తిరిగి మళ్ళీ ఇంజను పీలుస్తుంది. అందుకే వణుకు. సముద్రంలో పెడితే ఉండదు. గోడల మధ్య నడిపావా? ఆ పొగ మనుషులకీ మంచిది కాదు, ఆరుబయట పెట్టు.

స్క్రూ విషయంలో పెద్దాయన చెప్పింది నిజం. నేను ఇవాళ నా ఇంజనుకి చూశాను, స్క్రూ ఇంజను వైపే ఉంది. ఇన్నేళ్ళూ తిరగేసి తిప్పుతున్నాను.

---

గిలకలదిండి మెకానిక్ – జూన్ 24, రాత్రి 9:45

అవును, డ్రమ్ములో ఐడ్లింగ్ సెట్ చెయ్యకు. బోటుకి తగిలించి, లంగరు వేసి లేదా తాడుతో కట్టి, ఇంజను పూర్తిగా వేడెక్కాక సెట్ చెయ్యాలి. మిశ్రమం స్క్రూని పావు మలుపు చొప్పున లోపలికి తిప్పుతూ, ప్రతిసారీ కొన్ని క్షణాలు ఆగి విను. ఇంజను తుమ్మినట్టు వెనక్కి కొడితే పలచబడింది, అక్కడి నుంచి వెనక్కి రా. బయటికి తిప్పుతూ పోతే శబ్దం బరువెక్కి, పొగ పెరుగుతుంది. ఆ రెండిటి మధ్య ఉంచు. నేనైతే తుమ్ము వైపు కంటే బరువు వైపుకే కొంచెం జరిపి ఆపుతాను, టూ స్ట్రోక్‌కి పలచటి మిశ్రమం ప్రాణం తీస్తుంది. ఆ తర్వాతే స్లో స్క్రూ. గేరులో వేసి, నీళ్ళ బరువు మీద ఆగకుండా ఉండే తక్కువ స్పీడు దగ్గర వదిలెయ్యి. ప్రొపెల్లర్ దగ్గర ఎవరినీ నిలబడనివ్వకు.

---

పులికాట్ పడవ – జూన్ 25, ఉదయం 6:50

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మాది ఫోర్ స్ట్రోక్ 9.9 హార్స్ పవర్. లక్షణాలు ఇవే, రెండు నెలలు వాడలేదు. ఇదే పద్ధతి పనికొస్తుందా?

---

వలదారం (నిజాంపట్నం) – జూన్ 25, ఉదయం 9:30

పరీక్షలు అవే అన్నయ్యా. పెట్రోలులో ఆయిల్ మాత్రం కలపవద్దు, దానికి విడిగా ఇంజన్ ఆయిల్ ఉంటుంది. చిన్న ఫోర్ స్ట్రోకుల స్లో జెట్టు మరీ సన్నం, ముందు మూసుకునేది అదే. మిశ్రమం స్క్రూ మీద మూత వేసి సీలు చేసి ఉంటే దాన్ని కదపకండి, జెట్టు, వరస రంధ్రాలు చూసుకోండి. ఎక్కువసార్లు అక్కడితోనే బాగవుతుంది.

---

రేవు కుర్రాడు (భీమిలి) – జూన్ 26, మధ్యాహ్నం 1:15

నిన్న సాయంత్రం బోటు కట్టేసి సెట్ చేశాను. స్క్రూ చివరికి ఒకటీ ముప్పావు దగ్గర ఆగింది. ఇవాళ తెల్లవారుజామున మూడున్నరకి వెళ్ళాం. తెడ్లు రెండూ పైనే పెట్టుకున్నాం, తమ్ముడికి లైఫ్ జాకెట్ వేశాం, నేను కిల్ స్విచ్ తాడు చేతికి తగిలించుకున్నాను.

తిరిగి వచ్చేటప్పటికి తొమ్మిదిన్నర. కెరటాలు మొన్నటికంటే పెద్దవే. విరిగే చోటుకి ముందు స్పీడు తగ్గించాను. గేరులోనే స్లోలో పెట్టి మూడు కెరటాలు పోనిచ్చాం. ఇంజను టకటకటక అని ఒకే తీరుగా కొడుతూనే ఉంది. నాన్న తెడ్డు మీద చెయ్యి వేసుకుని ఇంజను వైపే చూస్తున్నారు. నాలుగోదాని వెనక ఎక్కించి యాక్సిలరేటర్ ఇస్తే తడబడకుండా అందుకుంది. బోటు నేరుగా ఇసుక మీదకి వచ్చింది. నాన్న తెడ్డు దించి లోపల పెట్టారు.

మామయ్య గారికీ, సాగర్ అన్నయ్యకీ, అక్కకీ, కోరంగి అన్నకీ, టెక్సాస్ అన్నయ్యకీ మా ఇంట్లో అందరి తరఫునా నమస్కారాలు.

---

టెక్సాస్ తెలుగోడు – జూన్ 26, రాత్రి 9:20

చదువుతుంటే కళ్ళు చెమర్చాయి తమ్ముడూ. వచ్చే ఏప్రిల్ 14న చివరి వేట నుంచి వచ్చాక ఇది చెయ్యి. ఇంజనుని మంచినీళ్ళతో కడిగేటప్పుడు పెట్రోలు పైపు ఊడదీసి, దానంతట అది ఆగిపోయేదాకా నడుపు. నీళ్ళు అందుతూనే ఉండాలి. ఆ తర్వాత గిన్నె అడుగున ఉండే చిన్న డ్రెయిన్ స్క్రూ విప్పి మిగిలిన చుక్కలు కూడా దించు. ట్యాంకు ఖాళీ చేసి ఆరబెట్టు. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్లో కాస్త టూ స్ట్రోక్ ఆయిల్ వేసి, కిల్ స్విచ్ తాడు తీసేసి, స్టార్టింగ్ తాడు మెల్లగా రెండు మూడుసార్లు లాగి ప్లగ్గులు బిగించెయ్యి.

---

రేవు కుర్రాడు (భీమిలి) – జూన్ 27, ఉదయం 6:05

అలాగే అన్నయ్యా. డ్రెయిన్ స్క్రూ రాత్రే చూశాను, ఉప్పు పట్టి కదల్లేదు. కొబ్బరినూనె వేసి రాత్రంతా ఉంచితే పొద్దున్న వచ్చింది. మరకి గ్రీజు పూసి మళ్ళీ పెట్టాను. పక్కింటి బాబాయి ఇంజనూ ఇలాగే స్లోలో ఆగిపోతోందట. సీసా పట్టుకుని అక్కడికే వెళుతున్నాను.